పంచదార చిలకల అచ్చును తక్కువ ఖర్చులో స్కాన్ చేయడం ఎలా?

నమస్తే అండీ. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. బాల్కనీలో కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే చిన్న 3018 సీఎన్‌సీ మెషిన్ ఉంది (దుమ్ము గురించి మా ఆవిడ మాటలు ఇక్కడ రాయలేను). అమ్మమ్మ వాడిన పంచదార చిలకల చెక్క అచ్చు పగుళ్లిచ్చింది, టేకులో నకలు చెక్కాలని ఆశ.

ఫోన్‌తో 80 ఫోటోలు తీసి మెష్‌రూమ్‌లో (ఫోటోల నుంచి 3డీ నమూనా తయారుచేసే సాఫ్ట్‌వేర్) వేశాను. అంచులు బాగానే వచ్చాయి కానీ లోపలి గుంట ముద్దలా వచ్చింది. ఏళ్ల తరబడి నెయ్యి పట్టి చెక్క నల్లగా మెరుస్తోంది, బహుశా అదే కారణం. టాల్కం పౌడర్ చల్లితే కాస్త నయం, కానీ రెక్కల గీతలు పూడిపోయాయి.

టచ్ ప్రోబ్ (మెషిన్‌కు తగిలించిన సూదితో ఒక్కో చుక్కనూ తాకి లోతు కొలవడం) కూడా ఆలోచించాను. 120 × 80 మి.మీ. అచ్చుకు అర మిల్లీమీటరుకో చుక్క చొప్పున 38,400 చుక్కలు. చుక్కకు 3 సెకన్లు పట్టినా 32 గంటలు!

అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, ఆ తెల్ల చిలకను ఫోటోలు తీసి, కంప్యూటర్‌లో తిరగేస్తే పనవుతుందా? పాత చెక్కకు ప్లాస్టర్ అంటుకోకుండా ఏం రాయాలి? స్కేలు సరిగ్గా రావడానికి పక్కన స్టీలు స్కేలు పెడితే చాలా? బడ్జెట్ 5,000 రూపాయలు. పంచదార చిలకనే స్కాన్ చేద్దామనుకున్నా, మా పాప తినేసింది.