‘పోవఁ బెరుఁగు సంఖ్య...’ తర్వాత?

ఛాత్రుడు: ఆక్సీకరణ సంఖ్యల (పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో, పొందిందో చూపే అంకెల) లెక్క నేర్పుతూ మా మాస్టారు ఓ ఆటవెలది చెప్పేవారు, సొంతమే అనుకుంటా. ఒక్క పాదమే నోట్లో ఆడుతోంది: ‘పోవఁ బెరుఁగు సంఖ్య, వచ్చినన్ దరుగును’. మిగతాది ఎవరికైనా గుర్తుందా?

గణవిభజన: ‘వచ్చినన్’ కాదండీ. యతి ఏదీ? పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవాలిగా!

ఛాత్రుడు: ప, వలకు చెల్లుతుందిగా?

గణవిభజన: హల్లుకు చెల్లుతుంది. అచ్చు మాటేమిటి? ‘పో’లో ఓకారం, ‘వ’లో అకారం. ‘పొందినన్’ అయ్యుండాలి.

అరసున్న: లేదా ‘పొందెనేని తరుగు’. ర గణం (గురువు, లఘువు, గురువు), నలం (నాలుగు లఘువులు), అదీ సరిపోయింది. ఇనుము ‘విరిగెనేని’ అన్నాడు వేమన. ఆటవెలదికి అంతకు మించిన ప్రమాణం ఎక్కడ దొరుకుతుంది?

గణవిభజన: పోవన్, పొందినన్. రెండూ నకారంతో ముగిసి జోడు కుదిరాయి. మధ్యలో ‘ఎనేని’ ఎందుకు?

అరసున్న: ‘పొందినన్’ చేదర్థకం, అంటే ‘పొందితే’ అని; మీ ‘పోవన్’ కాదు. ఇక జోడేమిటి?

బీకరు: అసలు పోయేదేమిటో పాదంలో లేదే! ఎలక్ట్రాన్ పోతే పెరుగుతుంది, ఆక్సిజన్ పోతే తగ్గుతుంది. పర్మాంగనేట్ చూడండి. నాలుగు ఆక్సిజన్లకు −8, అయాన్ మొత్తం −1, కాబట్టి మాంగనీస్ +7. ఆమ్లంలో అది +2కి దిగేటప్పుడు ఆక్సిజన్లన్నీ నీళ్లయి పోతాయి, ఐదు ఎలక్ట్రాన్లు వచ్చి చేరతాయి. అన్వయం తప్పితే లెక్క తలకిందులే.

ఛాత్రుడు: ఎలక్ట్రాన్ రెండో పాదంలో ఉందేమో. అందుకే అడిగాను మహాప్రభో.

అరసున్న: ‘సంఖ్య’ మాత్రం భలే వేశారు. మాగ్నటైట్‌లో మూడు ఇనుములు, నాలుగు ఆక్సిజన్లు; ఇనుముకు లెక్క కడితే 8/3 వస్తుంది. నిజానికి ఒకటి +2, రెండు +3. ఆ 8/3ని సంఖ్య అనొచ్చు గానీ ‘స్థితి’ అనడానికి నాకు మనసొప్పదు.

గణవిభజన: మీరు మరీనూ. అక్కడ సూర్యగణం కావాలి, అంటే న గణమో (మూడు లఘువులు) హ గణమో (గురువు, లఘువు). ‘స్థితి’లో ఉన్నవి రెండు లఘువులే. అంతకంటే రహస్యం లేదు.

బీకరు: +7 నుంచి +2కి తగ్గడం ‘క్షయకరణం’ కదా. ఆక్సీకి దీర్ఘం ఇచ్చినవాళ్లు దీనికెందుకు ఇవ్వలేదు? భస్మీకరణంలా ‘క్షయీకరణం’ కావద్దూ?

గణవిభజన: భస్మం కానిది భస్మమైతే ఆ ఈత్వం. ఇక్కడ మాంగనీస్ క్షయంగా మారడం లేదు, దానికి క్షయం కలుగుతోంది.

అరసున్న: ఆ ఈత్వం తెచ్చే సంస్కృత చ్వి ప్రత్యయానికి వేరే చర్చ పెట్టుకోండి. ‘పొందెనేని’ని మాత్రం నేను వదలను.