వరద తగ్గిన పల్లెల్లో ఇంటర్నెట్, కంప్యూటర్ కేంద్రం: ఎక్కడ మొదలుపెట్టాలి?

గట్టుమీద_గూడు అడిగిన ప్రశ్న:

నమస్కారం. మాది చిన్న స్వచ్ఛంద బృందం. వరదలో మునిగి తేలిన నాలుగైదు పల్లెల కోసం ఒక కంప్యూటర్ కేంద్రం పెడదామనుకుంటున్నాం. బడిలో ఒక గది ఇస్తామన్నారు. పాత డెస్క్‌టాప్‌లు పది ఇవ్వడానికి ఒక దాత ముందుకొచ్చారు. కరెంటు వచ్చి పోతోంది. ఫోన్ సిగ్నల్ బడి మేడ ఎక్కితేనే అందుతోంది. తెగిన కేబుల్ ఎప్పుడు కలుపుతారో చెప్పేవాళ్లు లేరు. టైపింగు, ఎక్సెల్ లాంటివాటితో మూడు నెలల కోర్సు పెట్టాలని మావాళ్ల పట్టుదల. ఇల్లు కూలి కూర్చున్నవాళ్లు వచ్చి ఎక్సెల్ నేర్చుకుంటారా అని నా అనుమానం. ఈ పని చేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

తీగలబండి జవాబు:

మీ అనుమానమే కరెక్టు. తుపాను తర్వాత ఇలాంటి గది ఒకటి నడిపాను. మొదట్లో నేర్చుకుందామని వచ్చినవాళ్లు దాదాపు లేరు, పని అవుతుందేమోనని వచ్చారు. నష్టపరిహారం దరఖాస్తు, కొట్టుకుపోయిన సర్టిఫికెట్లకు నకళ్లు, ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకోవడం, దూరాన ఉన్న పిల్లలతో వీడియో కాల్. ఈ నాలుగూ మీ సిలబస్ అనుకోండి, కోర్సు సంగతి తర్వాత.

ఒక పెద్దావిడ కూలిన గోడ ఫోటో ఎక్కించాలని వచ్చింది. వెబ్‌సైటేమో 200 కేబీ లోపే ఉండాలంటుంది, మనవడి ఫోన్‌లో తీసిన ఫోటో 4 ఎంబీ. బురద ఎత్తీ ఎత్తీ వేళ్లు పగిలిపోయాయేమో, టచ్ స్క్రీన్ ఆవిడ వేలిని పట్టించుకోవడమే లేదు. సరే అని మౌస్ చేతికిస్తే బల్ల అంచుదాకా జరుపుకుంటూ వెళ్లి, "ఇంక చోటు లేదు నాయనా" అంది. పైకెత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవచ్చని చూపించాక ఒకటే నవ్వు. ఫోటో సైజు తగ్గించడం ఆ పూటే పట్టేసింది. తర్వాత తన వీధిలోవాళ్ల ఫోటోలన్నీ ఆవిడే చిన్నవి చేసిపెట్టేది. మీ మొదటి పాఠం ఇదే పెట్టండి. ఎక్సెల్ ఎక్కడికీ పోదు.

ఇక ఆ పది డెస్క్‌టాప్‌లు. దండం పెట్టి వద్దనండి. మానిటర్‌తో కలిపి ఒక్కోటి సులువుగా 100 వాట్లు దాటుతుంది, పదింటికి వెయ్యి పైమాటే. ల్యాప్‌టాప్ అయితే 45 వాట్లతో సరిపెట్టుకుంటుంది. నాలుగు ల్యాప్‌టాప్‌లకు 180, రౌటర్‌కు 10, రేపు ఉపగ్రహ డిష్ పెట్టాల్సొస్తే దానికో 75, అంతా కలిపి 265 వాట్లు. రోజుకు ఐదు గంటలు నడిపితే 1,325 వాట్ అవర్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ ఎంత నిల్వ పట్టుకుంటుందో చెప్పే కొలత) బ్యాటరీలో లెక్క ప్రకారం 1,800 వాట్ అవర్లు ఉంటుంది గానీ, లెడ్ యాసిడ్ రకాన్ని రోజూ సగం కన్నా కిందికి దింపితే తొందరగా చస్తుంది. అంటే చేతికొచ్చేది 900. కాబట్టి రెండు బ్యాటరీలు, వాటిని నింపే సోలార్ పలకలు ముందు చూసుకోండి. కంప్యూటర్ల గురించి అందరూ అడుగుతారు, బ్యాటరీ గురించి ఎవరూ అడగరు.

లైను విషయం. మేడ మీద సిగ్నల్ ఉందన్నారుగా, అదే సగం పని. బయట బిగించే 4జీ రౌటర్ ఒకటి మేడ మీద గొట్టానికి కట్టి, టవర్ వైపు తిప్పి, అక్కణ్ణుంచి ఒక్క నెట్‌వర్క్ వైరు గదిలోకి దింపండి. కరెంటు కూడా ఆ వైరులోనే వెళ్లే రకాలున్నాయి. ఉపగ్రహం దాకా వెళ్లాల్సొస్తే మాత్రం రకం చూసుకోండి. 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండే పాత రకంతో మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను పైనే పడుతుంది. వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి "హలో" అనడం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం! 550 కిలోమీటర్ల దగ్గర తిరిగే కొత్త రకంలో ఆ బాధ లేదు. ఏ రకమైనా మీ దేశంలో అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి.

చుక్కానిపట్టు జవాబు:

పైన చెప్పిన వాటితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ ఇంటర్నెట్ అనగానే అందరినీ తెర ముందు కూర్చోబెట్టాలనుకోవడం దగ్గర నాకు పేచీ ఉంది. పుదుచ్చేరి తీరంలో స్వామినాథన్ పరిశోధన సంస్థ 1998 నుంచి పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టింది. వీరాంపట్టినంలో అమెరికా నౌకాదళం సైటు నుంచి అలల ఎత్తు దించుకుని, మైకులో చదివి జాలర్లకు వినిపించేవాళ్లు. కంప్యూటర్ ముట్టుకోని మనిషికి కూడా ఆ సంగతి అందేది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు నల్లవాడు అనే ఊరివాళ్లు, సింగపూర్‌లో ఉన్న తమ ఊరి మనిషి ఫోన్‌లో హెచ్చరించగానే కేంద్రం తలుపు పగలగొట్టి అదే మైకులో ఊరంతా లేపారు. మూడున్నర వేల మంది పైచిలుకు బయటపడ్డారు. కాబట్టి మీ పరికరాల చిట్టాలో లౌడ్‌స్పీకర్ రాసుకోండి.

ఇంకోటి, ఒకే లైను మీద బతకొద్దు. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి టోంగాకు ఉన్న ఒకే ఒక్క అంతర్జాతీయ సముద్ర కేబుల్ తెగితే, అతికించడానికి ఐదు వారాలు పట్టింది. మీ మేడ మీది 4జీ కూడా టవర్‌కు కరెంటు ఉన్నంతసేపే. 2017లో మరియా హరికేన్ తర్వాత పోర్టోరికోలో సెల్ టవర్లు 95 శాతం మూగబోయాయి. అందుకని నెట్ లేకపోయినా పనికొచ్చే సరుకు గదిలో ఉంచండి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ ఒకటి తీసుకుని, నెట్ లేకుండా నడిచే కివిక్స్, కొలిబ్రి అనే సాఫ్ట్‌వేర్లు వేసి, మొదటిదానితో వికీపీడియా, రెండోదానితో పాఠాలు నింపి వైఫై పెడితే చాలు. చుట్టూ ఉన్న ఫోన్లలోనే తెరుచుకుంటాయి. పుస్తకాలు తడిసిపోయిన బడిపిల్లలకు అది చాలా పెద్ద ఊరట.

గట్టుమీద_గూడు:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. లౌడ్‌స్పీకర్ సంగతి మాకు తట్టనే లేదు. ఒక టెన్షన్ మాత్రం పోవట్లేదు. జనం బ్యాంకు పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ మా కుర్రాళ్లకే చెప్పేసి "నువ్వే చెయ్యి బాబూ" అంటున్నారు. వద్దంటే పని ఆగుతుంది, తీసుకుంటే రేపు ఎవరి ఖాతాలో ఏం తేడా వచ్చినా మా మెడకే చుట్టుకుంటుంది.

తీగలబండి:

వద్దనే చెప్పండి, పని ఆగదు. మీ కుర్రాడు కుర్చీలో కూర్చోకుండా పక్కన నిలబడాలి. వచ్చినవాళ్ల చేతే ఒక్కో అంకె నొక్కించాలి. పది నిమిషాల పని అరగంట పడుతుంది, బయట వరుస పెరిగి విసుక్కుంటారు, పెరగనివ్వండి. ఖాతా ఏది తెరిచినా బ్రౌజర్‌లో ప్రైవేట్ విండోలోనే (మూయగానే లాగిన్ వివరాలు మిగలని కిటికీ) తెరిపించి, లేచేముందు వాళ్ల చేతే మూయించండి. స్కాన్ చేసిన కాగితాలు సాయంత్రానికి ల్యాప్‌టాప్‌లో ఒక్కటి కూడా మిగలకూడదు. సహాయం ప్రకటించిన చోటికల్లా దొంగ లింకులు వాలిపోతాయి. "పరిహారం కోసం ఇక్కడ నొక్కండి" అని వచ్చిన మెసేజ్ ఒకటి పెద్దగా ప్రింటు తీసి, మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టి తలుపు మీద అంటించండి. ఉపన్యాసం కన్నా బాగా పనిచేస్తుంది.

కేంద్రాన్ని అప్పగించేది ఎవరికో ఇప్పుడే ఆలోచించండి. చురుకైన కుర్రాళ్లు నాలుగు ముక్కలు నేర్వగానే పట్నంలో ఉద్యోగం చూసుకుంటారు, అది వాళ్ల తప్పు కాదు. ఊళ్లోనే ఉండే ఆడవాళ్లలో ఇద్దరికి రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయడం, బ్యాటరీలో నీళ్లు చూడటం, రీచార్జి చేయడం నేర్పండి. నేపాల్ కొండ ఊళ్లలో మహాబీర్ పున్ అనే టీచరు మొదలుపెట్టిన వైర్‌లెస్ లైన్లు మొదట్లో చెట్ల మీద కట్టిన యాంటెన్నాలతో నడిచాయి. అలాంటి చోట ఏదైనా చెడితే పట్నం నుంచి మెకానిక్ వచ్చేదాకా కూర్చోలేరు కదా.

డెస్క్‌టాప్‌లు వద్దన్నాను గానీ, ఆ దాత ప్రింటర్ ఇస్తానంటే వదలకండి. లేజర్ ప్రింటరైతే మాత్రం వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, దాన్ని బ్యాటరీ మీద పెట్టకుండా మెయిన్ కరెంటు ఉన్నప్పుడే నడపండి.