లండన్‌లో ఒంటరిగా కొన్ని రోజులు: ఏది చూడాలి, ఏది వదిలేయాలి?

తార్నాక ప్రయాణికురాలు:
అందరికీ నమస్కారం. ఆఫీసు పని మీద డిసెంబరు మొదట్లో హైదరాబాదు నుంచి లండన్ వెళ్తున్నాను. పని ముగిశాక సెలవు పెట్టి ఊరు చూసి రావాలని ఉంది, తోడు మాత్రం ఎవరూ లేరు. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన కార్యక్రమంలో ఊపిరి తీసుకునే తీరిక కూడా కనిపించడం లేదు. నాకు శిల్పాలు, చరిత్ర అంటే ఇష్టం. షాపింగు మీద ఆసక్తి లేదు. శాకాహారిని. చీకటి పడ్డాక కొత్త ఊళ్లో ఒంటరిగా తిరగాలంటే కాస్త బెరుకు. కోహినూరు చూడకుండా వస్తే ఇంట్లోవాళ్లు ఊరుకోరు! వెళ్లి వచ్చినవారు సలహా ఇవ్వగలరు.

బర్కత్‌పుర పాఠకుడు:
డిసెంబరు అంటున్నారు కాబట్టి ముందు పగటి లెక్క చూసుకోండి. ఆ నెలలో అక్కడ సాయంత్రం 4 గంటలకల్లా పొద్దు గుంకుతుంది. నది ఒడ్డు, పార్కులు వంటివి ఉదయం పూట పెట్టుకొని, చీకటి పడే వేళకు ఏదో ఒక మ్యూజియంలో ఉండేలా చూసుకుంటే మీ బెరుకు చాలావరకు తీరుతుంది. బ్రిటిష్ మ్యూజియాన్ని మామూలుగా 5 గంటలకే మూసేసినా, శుక్రవారం రాత్రి 8.30 దాకా తెరిచి ఉంచుతారు. ప్రవేశం ఉచితం.

ఆ సాయంత్రాన్ని అమరావతి శిల్పాలకే కేటాయించండి. వెనుకవైపు మాంటేగ్ ప్లేస్ ద్వారం నుంచి వెళ్తే 33వ గది దగ్గర. దాని చివర, అద్దాల వెనుక, 33ఎ గదిలో మన మహాస్తూపం రాళ్లు ఉన్నాయి. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన పలకల్లో చాలావాటిని 1859లో లండన్‌కు తరలించారు. పాలరాళ్లని పేరు పడ్డా నిజానికి అవి పల్నాటి సున్నపురాళ్లు. వాటిలో రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది, దాని ముందు తీరిగ్గా నిలబడండి. ఒక ముఖాన పూర్వకాలపు శిల్పి బోధివృక్షాన్ని, దాని కింద ఖాళీ ఆసనాన్ని మలిచాడు. బుద్ధుడి రూపం ఉండదు. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాతిని తిప్పి, రెండో ముఖాన స్తూపాన్నే చెక్కి, ద్వారం మధ్యలో బుద్ధుణ్ణి నిలబెట్టారు. అమరావతిలో ఇవాళ మిగిలింది దిబ్బే కనుక, స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఊహించడానికి ఇలాంటి పలకలే ఆధారం. ఒక్కోసారి కొన్ని గదులు మూసి ఉంచుతారు, వెబ్‌సైటు చూసుకొని బయల్దేరండి.

ఇక కోహినూరు ఉండేది టవర్ ఆఫ్ లండన్ అనే పాత కోటలో. దాని టికెట్టు ఖరీదు ఎక్కువ, నగల గదిలో ఫొటోలు తీయనివ్వరు, కిరీటాల ముందు కదిలే పట్టీ మనల్ని నిలవనివ్వదు. నేనైతే వదిలేస్తాను.

మెహిదీపట్నం చరిత్రప్రియ:
టవర్ విషయంలో పాఠకుడు గారితో ఏకీభవించలేను. కోటను చూడటమంటే వజ్రాన్ని చూడటం ఒక్కటే కాదు. 11వ శతాబ్దంలో విలియం రాజు మొదలుపెట్టించిన వైట్ టవర్ ఉంది. అదే టికెట్టు మీద ఎర్రంచు కోట్ల కావలివాళ్లు గుంపులుగా తిప్పుతూ కథలు చెబుతారు, ఒంటరిగా వెళ్లినవారికి ఆ గుంపే తోడు. తలుపులు తీయగానే నేరుగా జువెల్ హౌస్‌కు నడవండి, రద్దీ తక్కువగా ఉంటుంది. కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికిందని మనవాళ్లు చెప్పుకొనే ఆ కోహినూరు, 1937లో తయారైన రాజమాత కిరీటంలో ఉంది. 1852లో మళ్లీ సాన పట్టినప్పుడు 186 క్యారెట్ల నుంచి 105.6కు తగ్గిపోయింది. రాజదండంలోని 530 క్యారెట్ల కల్లినన్ వజ్రం ముందు చిన్నదిగానే కనిపిస్తుంది, కాబట్టి మరీ ఆశలు పెంచుకోకండి. బయటికి వచ్చాక 15వ నంబరు బస్సు ఎక్కి, పై అంతస్తులో ముందు సీటు దొరికితే, సెయింట్ పాల్స్ చర్చి మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా ఊరు చూస్తూ పోవచ్చు.

కూకట్‌పల్లి ఉద్యోగి:
లండన్ బస్సుల్లో నగదు తీసుకోరు. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ, కాంటాక్ట్‌లెస్ వాడకాలు రెండూ ఆన్ చేసుకోండి. రోజంతా ఒకే కార్డు వాడితేనే, రోజుకు ఇంతకు మించి తీసుకోరనే గరిష్ఠ చార్జీ లెక్క మీకు కలిసొస్తుంది. బ్యాంకు ఫారెక్స్ రుసుము ఎక్కువైతే ముందే డబ్బు వేసుకొని వాడే అక్కడి ప్రయాణ కార్డు, ఆయిస్టర్, మేలు. భోజనానికి యూస్టన్ స్టేషను వెనుక డ్రమండ్ స్ట్రీట్‌లో భారతీయ శాకాహార హోటళ్లున్నాయి, బ్రిటిష్ మ్యూజియం నుంచి నడిచి వెళ్లగలిగిన దూరమే. రుచి మన ఇంటిది కాదు, కడుపు మాత్రం నిండుతుంది.

తార్నాక ప్రయాణికురాలు:
అందరికీ కృతజ్ఞతలు. అమరావతి శిల్పాలు, టవర్ రెండూ ఖాయం చేసుకున్నాను. ఏజెంటు కార్యక్రమంలోని లండన్ ఐ (నది ఒడ్డున ఉన్న పెద్ద రంగులరాట్నం) తీసేశాను. ఆ స్థానంలో గ్రీనిచ్ పెట్టుకోవచ్చా?

బర్కత్‌పుర పాఠకుడు:
నిరభ్యంతరంగా. టవర్ దగ్గర రేవులో పడవ ఎక్కితే నది మీదుగానే చేరుకోవచ్చు, పడవకూ కార్డు చెల్లుతుంది. 1884 నాటి అంతర్జాతీయ సమావేశం ప్రపంచానికి సున్నా రేఖాంశంగా ఎంచుకున్న గీత అక్కడి అబ్జర్వేటరీలో ఉంది; దానికి టికెట్టు కొనాలి గానీ, కొండ మీది నుంచి ఊరంతా చూడటానికి పైసా ఖర్చు లేదు. థేమ్స్ అడుగున 1902లో తెరిచిన నడక సొరంగం కూడా అక్కడే ఉంది, పగటిపూట దాటి చూడండి. మధ్యాహ్నం 3 గంటలకల్లా కొండ దిగితే వెలుతురుండగానే తిరుగు పడవ అందుతుంది.