పిల్లల్ని బడికి నడిపించి పంపొచ్చా, సైకిల్ ఇవ్వొచ్చా?

ఇద్దరు పిల్లల అమ్మ:
మా బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. బడి కిలోమీటరు కూడా ఉండదు, అయినా రోజూ కారులోనే దించుతున్నాను. బాబేమో ఫ్రెండ్స్‌తో నడిచి వెళ్తానంటాడు, వచ్చే ఏడాది సైకిల్ కావాలంటాడు. ఇంట్లో సగం మంది పంపమంటారు, మిగతావాళ్లు ఈ ట్రాఫిక్‌లో పిల్లల్ని వదిలేస్తావా అని కోప్పడతారు. మీరైతే ఏం చేస్తారు?

ఒక్క కూతురి నాన్న:
నేనైతే పంపను. 5 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పిల్ల ఎంత జాగ్రత్తగా ఉన్నా బండి నడిపేవాడు చూసుకోకపోతే ఏం చేస్తుంది? వ్యాయామమంటారా, సాయంత్రం ఆడుకుంటుంది.

పాత సైకిల్:
మీ భయం నాకూ ఉంది నాన్నగారూ, ఆ లెక్కా నిజమే, కానీ అందులో కార్లలో వెళ్తూ పోయిన పిల్లలు కూడా ఉన్నారు. ఇంకో మాట చెప్తాను, కటువుగా ఉంటే క్షమించండి. పొద్దున బడి గేటు ముందు అడ్డదిడ్డంగా ఆగేవి, పిల్లల మధ్యలోంచి రివర్స్ తీసేవి ఎవరి కార్లు? మనవే. వాటిని చూసి భయపడి ఇంకొకరు కారు తీస్తారు, రేపటికి ఇంకో కారు ఎక్కువ. అమెరికాలో 1969లో ఎనిమిదో తరగతి లోపు పిల్లల్లో దాదాపు సగం మంది నడిచో సైకిల్ మీదో బడికి వెళ్లేవాళ్లు, 2009కి అది 13 శాతానికి పడిపోయింది. నెదర్లాండ్స్‌లో 1971లో 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోతే తల్లిదండ్రులు పిల్లల్ని ఇంట్లో దాచలేదు, పిల్లల్ని చంపడం ఆపండంటూ వాళ్లే వీధుల్లోకి వచ్చారు. అక్కడి సైకిల్ దారుల వెనక ఆ పోరాటం కూడా ఉంది.

అలాగని రేపే పంపేయమనను. ఆరేళ్ల పిల్లకు వచ్చే బండి స్పీడు, దూరం అంచనా అందవు, ఆగి ఉన్న కారు వెనక నిలబడితే తను డ్రైవరుకు కనపడదు, తనకూ రోడ్డు కనపడదు. పాప చేయి వదలకండి. బాబుతో మాత్రం కొన్ని వారాలు నడవండి, వాణ్ని ముందు పెట్టి మీరు వెనక ఉండండి, ఇప్పుడు దాటు అని మీరు చెప్పకండి, ఎందుకు ఆగావు, ఎందుకు కదిలావు అని వాడినే అడగండి. దగ్గర దారి కాకపోయినా బండ్లు తక్కువ తిరిగే దారి చూసుకోండి.

సైకిల్‌కి తొందర వద్దు. వెనక్కి తిరిగి చూస్తున్నప్పుడు హ్యాండిల్ పక్కకు పోకుండా తిన్నగా తొక్కగలగాలి, ఒక చేత్తో తొక్కుతూ రెండో చేత్తో సిగ్నల్ ఇవ్వగలగాలి, ఇవి ఖాళీ మైదానంలో వచ్చాకే రోడ్డు. హెల్మెట్ కనుబొమల పైన రెండు వేళ్ల ఎడంలో కూర్చోవాలి, నుదురంతా కనపడేలా వెనక్కి పెడితే పెట్టనట్టే.

ఒక్క కూతురి నాన్న:
గేటు ముందు కార్ల మాట ఒప్పుకుంటాను, నేనూ అలాగే ఆపుతాను. కానీ ఒంటరిగా పంపడం నా వల్ల కాదు.

పాత సైకిల్:
ఒంటరిగా ఎందుకండీ? జపాన్‌లో చాలాచోట్ల చిన్నపిల్లలు గుంపుగా నడిచే బడికి వెళ్తారు, పెద్ద తరగతి పిల్లలు ముందుంటారు. 'నడిచే బస్సు' అని ఇంకో పద్ధతి ఉంది, ఒకరిద్దరు పెద్దవాళ్లు ఇంటింటి దగ్గరా పిల్లల్ని కలుపుకుంటూ బడిదాకా నడుస్తారు. తల్లిదండ్రులు వంతులేసుకుంటే వారానికి ఒక్క రోజు మీ వంతు వస్తుంది. అదే గుంపుగా బడి దగ్గర గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని కూడా అడగొచ్చు, రోడ్డు భద్రత మీద 2020లో జరిగిన అంతర్జాతీయ సదస్సు ఇచ్చిన స్టాక్‌హోమ్ ప్రకటన పిల్లలు నడిచే చోట్ల అడిగిన స్పీడు అదే.

ఇద్దరు పిల్లల అమ్మ:
నిన్న సాయంత్రం బాబుతో ఆ దారంతా నడిచాను. మలుపు దగ్గర వాడే ఆగి, "అమ్మా, ఇక్కడ గోడ అడ్డం, ఇంకొంచెం ముందుకెళ్లి చూడాలి" అన్నాడు. ఇన్నేళ్లుగా అక్కడ కారు తిప్పుతున్నాను, నేనెప్పుడూ గమనించలేదు. పక్క వీధిలో ఇద్దరు పిల్లల ఇళ్లలో అడిగాను, సరేనన్నారు. సోమవారం నుంచి మొదటి వారం నాది.