45 వేల లోపు ఘాట్ రోడ్డుకు నిలబడే ఎలక్ట్రిక్ మౌంటెన్ సైకిల్: ఏం చూసి కొనాలి?

పాడేరు మాస్టారు

అందరికీ నమస్కారం. నేను పాడేరు ఏజెన్సీలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. ఇంటి నుంచి బడికి 11 కిలోమీటర్లు. మొదటి ఏడు కిలోమీటర్లు తారు రోడ్డు, మిగిలిన నాలుగూ కంకర తేలిన మట్టి దారి, దాని మధ్యలో ఒక చిన్న గెడ్డ (వాగు). ఉదయం దిగుడు, సాయంత్రం ఎక్కుడు. ఎత్తులో తేడా సుమారు 250 మీటర్లు ఉంటుంది, అదంతా తారు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్ల మలుపుల్లోనే ఉంది. ఇన్నాళ్లూ మోటారు సైకిల్ మీద వెళ్తున్నాను. పెట్రోలు ఖర్చు ఒక కారణమైతే, రోజూ కొంతైనా ఒళ్లు కదలాలన్న కోరిక మరో కారణం, అందుకే ఎలక్ట్రిక్ మౌంటెన్ సైకిల్ కొనాలనుకుంటున్నాను.

హెల్మెట్, లైట్లు కలుపుకొని 45,000 రూపాయలు దాటకూడదు. నా బరువు 68 కిలోలు, సంచి ఐదు కిలోలు. 250 వాట్ల మోటారు ఈ ఎత్తు ఎక్కగలదా? ముందు మాత్రమే షాకప్ ఉన్నది చాలా, వెనక కూడా ఉండాలా? బ్యాటరీ ఎంతది తీసుకోవాలి? వానాకాలంలో మాకు కరెంటు తరచుగా పోతుంది, బడిలో ఛార్జింగ్ పెట్టుకోవచ్చన్న నమ్మకం లేదు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

విశాఖ సైకిల్ షాపు

మాస్టారూ, మీరు దూరం, ఎత్తు, బరువు మూడూ చెప్పారు కాబట్టి లెక్క వేసి చెప్పడం సులభమైంది.

ముందుగా బ్యాటరీ. పెట్టె మీద ఇన్ని కిలోమీటర్లు వస్తుందని రాసిన అంకెను పక్కన పెట్టి, వోల్టులను యాంపియర్ అవర్లతో గుణించి చూడండి, బ్యాటరీలో పట్టే శక్తి వాట్ అవర్లలో వస్తుంది. 36 వోల్టులు, 7.8 యాంపియర్ అవర్లు అయితే దాదాపు 281 వాట్ అవర్లు, 10.2 అయితే 367. మీరు, సంచి, సైకిల్ కలిపి 96 కిలోలు అనుకుంటే, ఆ బరువును 250 మీటర్లు పైకి చేర్చడానికే 65 వాట్ అవర్లు కావాలి. అందులో మూడింట రెండు వంతులు మోటారు మోసి, మూడో వంతు మీరు తొక్కుతారనుకున్నా, మోటారులో వేడి రూపంలో పోయేది కూడా కలుపుకుంటే ఆ ఎక్కుడొక్కదానికే బ్యాటరీ నుంచి 60 పైన పోతుంది. దిగుడును మినహాయించి మిగిలిన పద్దెనిమిది కిలోమీటర్లకు కిలోమీటరుకు ఏడు వాట్ అవర్ల చొప్పున వేస్తే మరో 126. అంటే రోజుకు సుమారు 190 వాట్ అవర్లు. 281 బ్యాటరీ కొత్తలో చాలినట్టే కనిపిస్తుంది గానీ, వాడగా వాడగా దాని శక్తి ఐదో వంతు తగ్గితే 225కు వస్తుంది, మీ ప్రాంతపు డిసెంబరు చలిలో ఇంకొంత తగ్గుతుంది. అప్పుడు సరిగ్గా చివరి మలుపుల దగ్గర, మీకు అవసరమైన చోటే ఆగిపోతుంది. కాబట్టి 360 వాట్ అవర్లకు తగ్గకుండా తీసుకోండి. పూర్తిగా ఖాళీ అయిన 10.2 బ్యాటరీకి రెండు యాంపియర్ల ఛార్జరుతో ఐదారు గంటలు పడుతుంది. బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకునేలా ఉండాలి, రాత్రి కరెంటు ఉన్నప్పుడు నింపుకోవచ్చు.

రెండోది, అందరూ మరిచిపోయేది, గేర్లు. ఈ ధరలో వచ్చేవన్నీ వెనక చక్రంలో మోటారు ఉన్న హబ్ మోటారు సైకిళ్లే. ఆ మోటారు బలం గేర్ల ద్వారా వెళ్లదు, అందువల్ల గేరు మార్చినా దానికి సాయం అందదు, కానీ మీ కాళ్లకు అందుతుంది. చాలా మోడళ్లలో ముందు 44 పళ్ల చక్రం, వెనక పెద్ద పల్లెం 28 పళ్లది ఉంటాయి. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో ఎక్కేటప్పుడు ఆ గేరులో పెడల్ నిమిషానికి 40 చుట్లు కూడా తిరగదు. అప్పుడు బలమంతా మోకాలి మీద పడుతుంది, తొక్కలేక థ్రాటిల్ (తొక్కకుండానే మోటారును నడిపే పిడి) తిప్పేస్తారు, నిదానపు వేగంలో భారమంతా మీద పడిన మోటారు వేడెక్కిపోతుంది. ముందు 34, వెనక 34 పళ్లు పెట్టించుకుంటే అదే వేగంలో 60 చుట్లు దాటుతాయి. ఈ మార్పుకు ఖర్చు పెద్దగా ఉండదు, కొనేటప్పుడే ముందు చక్రం మార్చడానికి వీలుందో లేదో అడగండి.

కిందటి వర్షాకాలంలో నా దగ్గరికి ఒక సైకిల్ వచ్చింది. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తోంది, చక్రం మాత్రం కదలడం లేదు. హబ్ విప్పి చూస్తే లోపలి మూడు నైలాన్ గేర్లలో ఒకదాని పళ్లు నున్నగా అరిగి, గ్రీజులో తెల్లని పొడిలా కలిసిపోయి ఉన్నాయి. ఆయన రోజూ ఒక గుట్ట మీదికి తొక్కకుండా థ్రాటిల్ మీదే ఎక్కేవారు. 250 వాట్లు చాలవని ఆయన ఫిర్యాదు. మోటారుతో పాటు మనమూ తొక్కితే మీరు చెప్పిన సగటు వాలుకు 250 వాట్లు చాలు.

రాయిట్లింగెన్ నుంచి

మాది విజయనగరం, ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడ నేను వాడేది పెడళ్ల దగ్గర మోటారు ఉండే మిడ్ డ్రైవ్ సైకిల్. బలం గొలుసు ద్వారా, గేర్ల ద్వారా వెళ్తుంది కాబట్టి నిట్టనిలువు దారిలో కూడా మోటారు తనకు అనుకూలమైన వేగంలోనే తిరుగుతుంది. పెడల్ మీద ఎంత బలం వేస్తున్నామో కొలిచే టార్క్ సెన్సర్ ఉండటం వల్ల సాయం కూడా కాళ్లకు అతికినట్టు వస్తుంది. కొండలకు ఇంతకంటే మంచిది లేదు. కానీ భారతదేశంలో ఇలాంటిది కొత్తది కొనాలంటే లక్ష దాటిపోతుంది, కాబట్టి మాస్టారి బడ్జెట్‌లో దాని కోసం ఎదురుచూడటం అనవసరం.

విదేశాల్లో ఉన్న బంధువుల చేత పాతది ఒకటి తెప్పించుకుందామన్న ఆలోచన మీకు వచ్చి ఉంటే, నన్ను మా బావగారు అడిగినట్టే, దాన్ని వదులుకోండి. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో చేతి సంచిలో గానీ లగేజీలో గానీ ఎక్కనివ్వరు. బ్యాటరీ లేకుండా తెచ్చినా, ఆ కంపెనీ మోటారుకు ఆ కంపెనీ బ్యాటరీయే తగులుతుంది, పైగా అక్కడ బాగుచేసేవారు దొరకరు.

చట్టం గురించి ఒక మాట. అక్కడా ఇక్కడా పరిమితి దాదాపు ఒకటే: మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు. ఆ లోపున ఉంటే మన దేశంలో రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. వేగపు పరిమితిని తీసేసి ఇస్తామని దుకాణదారు ఆశ చూపితే ఒప్పుకోకండి. అది దాటితే మోటారు వాహనం కిందికి వస్తుంది, ప్రమాదం జరిగిన రోజున బాధ్యత మొత్తం మీ మీద పడుతుంది.

కాఫీతోట, అరకు

నేను చేసిన తప్పు మాస్టారు చేయకూడదని రాస్తున్నాను. మూడేళ్ల క్రితం చూడటానికి బ్రహ్మాండంగా ఉందని నాలుగు అంగుళాల లావు టైర్లు, ముందూ వెనకా షాకప్‌లు ఉన్న సైకిల్ కొన్నాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. సైకిల్ బరువు 31 కిలోలు. ఆ ధరలో పెట్టే వెనక షాకప్ కుదుపును ఆపడం కంటే మన తొక్కుడు బలాన్ని మింగడమే ఎక్కువ చేస్తుంది, ఎక్కుడులో ఒక్కో తొక్కుకూ సీటు కిందికి దిగి పైకి లేస్తూ ఉండేది. తోట నుంచి వస్తూ ఒక సాయంత్రం బ్యాటరీ అయిపోయి, మూడు కిలోమీటర్లు ఎత్తు మీదికి తోసుకుంటూ వచ్చాను. దానికి వెనక మోటారు ఉండటం వల్ల పంచర్ పడితే చక్రం ఊడదీయడం కూడా ఒక పెద్ద పనే, మోటారు వైరు విప్పాలి, రెంచీ కావాలి. చివరికి సగం ధరకు అమ్మేశాను.

ఇప్పుడున్నదానికి ముందు మాత్రమే షాకప్ ఉంది, టైర్లు 2.25 అంగుళాలవి. మట్టి దారి వచ్చే ముందు గాలి కొంచెం తగ్గించి 30, 35 పీఎస్ఐ దగ్గర ఉంచితే కంకర మీద టైరే సగం షాకప్ పని చేస్తుంది. మిగిలిన డబ్బును బ్రేకుల మీద పెట్టండి మాస్టారూ. మీరు రోజూ ఉదయం నాలుగు కిలోమీటర్లు దిగుతారు. రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు తప్పనిసరి, హైడ్రాలిక్ (వైరుకు బదులు నూనె ఒత్తిడితో పట్టేవి) దొరికితే మరీ మంచిది, వైరు బ్రేకులైతే ప్యాడ్ అరిగిన కొద్దీ వైరును బిగిస్తూ ఉండాలి. బ్రేకు నొక్కగానే మోటారు ఆగే ఏర్పాటు ఉందో లేదో దుకాణంలోనే పరీక్షించండి. దిగుడులో బ్యాటరీ నిండుతుందని కొందరు చెబుతారు. లోపల గేర్లున్న హబ్ మోటార్లలో అది జరగదు, దిగేటప్పుడు మోటారు చక్రం నుంచి విడిపోయి ఊరకే ఉంటుంది.

గెడ్డ గురించి: నీళ్లు ఇరుసు దాకా ఉంటే దిగి తోసుకుంటూ దాటండి. చిన్న జల్లులకు ఇవి తట్టుకుంటాయి గానీ, నా పాత సైకిల్ మోటారు వైరు కలిసే చోట ఒక వర్షాకాలం తర్వాత విప్పి చూస్తే పిన్నులన్నీ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

పాడేరు మాస్టారు

ఇంత శ్రద్ధగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను మోటారు వాట్ల గురించే ఆలోచిస్తున్నాను, గేరు పళ్ల సంగతి నాకు తట్టనే లేదు. ఇంకొక్క సందేహం. మా ఇంట్లో పదేళ్ల నాటి ఇనుప ఫ్రేము గేర్ల సైకిల్ ఉంది. దానికి మోటారు కిట్ బిగిస్తే సగం ఖర్చుతో పోతుందని తోటి ఉపాధ్యాయుడొకరు అంటున్నారు. ఏమంటారు?

విశాఖ సైకిల్ షాపు

అందులో న్యాయం ఉంది మాస్టారూ, చదునైన ఊళ్లో అయితే నేనే బిగించి ఇస్తాను. ఇనుప ఫ్రేము కాబట్టి ఇరుసు పట్టే చోటు గట్టిగానే ఉంటుంది, దానికి తోడు ఇరుసు తిరిగిపోకుండా టార్క్ ఆర్మ్ వేయాలి. అయితే పదేళ్ల నాటి ఆ సైకిల్‌కు రిమ్మును రబ్బరు ముక్కలు పట్టే బ్రేకులే ఉంటాయని నా ఊహ. మోటారు, బ్యాటరీ కలిపి ఏడెనిమిది కిలోలు పెరిగిన బరువుతో, తడిసిన రిమ్ముతో మీరు ఆ ఘాట్ దిగడం నాకు ఇష్టం లేదు. ఫ్రేముకు డిస్క్ బిగించే చెవులు ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఆ ఆలోచన మానుకోండి.

కొత్తది కొనే ముందు ఒక పని చేయండి. హీరో లెక్ట్రో, ఈమోటోరాడ్ లాంటి దేశీయ బ్రాండ్లలో మీ బడ్జెట్‌కు అందేవి ఉన్నాయి, కానీ మోడల్ ఎంచుకునే ముందే డీలరును రెండు ప్రశ్నలు అడగండి. విడి బ్యాటరీ ఇవాళ కొంటే ధర ఎంత? మోటారుకు కరెంటును అదుపు చేసి పంపే కంట్రోలరు పోతే విశాఖలోనే దొరుకుతుందా? మీకు విశాఖ వంద కిలోమీటర్ల పైచిలుకు, ప్రతి చిన్న పనికీ సైకిల్ బస్సు మీద వేసుకుని రాలేరు. ఈ రెంటికీ సూటిగా జవాబు చెప్పలేని డీలరు దగ్గర ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి.

పాడేరు మాస్టారు

మీరు చెప్పినట్టే పాత సైకిల్ చూశాను, ఫ్రేముకు చెవులు లేవు. కిట్ ఆలోచన మానుకున్నాను. ముందు షాకప్, రెండు డిస్కులు, 10.2 యాంపియర్ అవర్ల ఊడదీసే బ్యాటరీ ఉన్నదాని కోసమే రెండో శనివారం విశాఖ వస్తున్నాను, తొక్కి చూడనిస్తేనే కొంటాను. వేసవి సెలవుల్లో నెలన్నర పైగా బండి కదలదు, అప్పుడు బ్యాటరీ నిండుగా ఉంచాలా?

విశాఖ సైకిల్ షాపు

నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు. సగానికి కొంచెం పైన ఉంచి, ఎండ తగలని గదిలో పెట్టండి, నెలకొకసారి చూసి తగ్గితే మళ్లీ అంతవరకే నింపండి. తొక్కి చూసేటప్పుడు చదును రోడ్డు మీద కాకుండా ఎత్తున్న వీధిలోకి తీసుకెళ్లండి, ఆగి ఉన్న చోటు నుంచి ఎక్కుడులో బయలుదేరి చూడండి. మీ సంచిలో ఐదు కిలోల పుస్తకాలు పెట్టుకునే రండి.