మావాడు యానిమేషన్ డిగ్రీ అంటన్నాడు, ఏం చూసి చేర్చాల?

కొండపి రైతు:
మాది కొండపి పక్కన పల్లె, పొగాకు వ్యవసాయం. మావాడికి ఒంగోల్లో ఇంటర్ ఎంపీసీ అయింది. ఇంజినీరింగ్ వద్దంట, యానిమేషన్ డిగ్రీ చేస్తాడంట. బొమ్మలేస్తాడు, కాదన్ను. కరెంటు బిల్లుల వెనక, ఆఖరికి పొగాకు కాల్చే బ్యారన్ గోడ మీద బొగ్గుతో కూడా వేశాడు. మా నాయన చుట్ట ముట్టించుకునే తీరు అచ్చం దించాడు. చూసి ఆయనే నవ్వాడు.

మొన్న ఒక కాలేజీ వాళ్లు ఇంటికొచ్చారు. మూడేళ్లకు 4 లక్షల 80 వేలు, హాస్టల్ వేరే. ఉద్యోగం గ్యారంటీ అన్నారు. ట్యాబ్‌లో వీడియో చూపించారు, సింహం దూకడం, బిల్డింగు కూలడం. బాగానే ఉంది. కానీ నేను పాతికేళ్లుగా వేలానికి పోతన్నా. పైన మంచాకు పేర్చి లోపల నాసిరకం కుక్కిన బేళ్లు ఎన్ని చూశానో. ఈ బేలు విప్పి చూడటం ఎట్టాగో తెలీదు. శనివారం లోపల అడ్వాన్సు కట్టాలంట. తెలిసినోళ్లు చెప్పండి.

కావలి కుర్రాడు:
సీఎస్‌ఈలో చేర్చండి సార్. బొమ్మలు ఖాళీగా ఉన్నప్పుడు వేసుకుంటాడు. మా మేనత్త కొడుకు యానిమేషన్ చదివి ఇక్కడే సెల్ షాపు పెట్టుకున్నాడు.

మూలాపేట వాసి:
అన్నా, శనివారం లోపల అన్నారంటేనే శనివారం దాకా కట్టబాక. సీటు ఎక్కడికీ పోదు.

మాది నెల్లూరు. పదకొండేళ్లుగా హైదరాబాదులో ఇదే పని. ఆ వీడియో ఒకడిది అయుండదు, నాలుగైదు బ్యాచ్‌ల మంచి ముక్కలు ఏరి అతికించుంటారు. పోయినేడు బయటికొచ్చిన వాళ్లలో మధ్యరకం పిల్లోడి షోరీల్ అడుగు. షోరీల్ అంటే వాడు సొంతంగా చేసిన పని, నిమిషమో రెండు నిమిషాలో ఉంటది. మా స్టూడియోలో ముందు చూసేది అదే, డిగ్రీ ఆఖర్న. అందులో సింహాలు దూకబళ్లేదు. ఒక మనిషి నిండు బిందె ఎత్తుకుంటే ఆ బరువు నడుములో కనపడాల. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. చేత్తో గీసేవాళ్లు చాలాసార్లు ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపి 12 బొమ్మలతో సరిపెడతారు. ఆ పన్నెండులో ఎక్కడ ఆగాలో ఎక్కడ ఉరకాలో చెప్పేవాడు అక్కడున్నాడా, అది కనుక్కో. సాఫ్ట్‌వేర్ నేర్పుతాం అనే మాటకు లక్షలు పొయ్యబాక. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఊరికే వస్తది. 2025లో ఆస్కార్ కొట్టిన లాత్వియా సినిమా ఫ్లో దాంతోనే చేశారు.

పట్టా ఏ యూనివర్సిటీ ఇస్తదో కాగితం మీద రాయించుకో. కొన్నిచోట్ల చెప్పేది డిప్లొమా, డిగ్రీకి మాత్రం ఎక్కడో దూరవిద్యలో కట్టిస్తారు. యూజీసీ జాబితాలో ఆ పేరు లేకపోతే రేపు పీజీకి పోవాలన్నా ఇబ్బందే.

పరీక్ష రాయగలిగితే ఇంకా నయం. యూసీడ్ అని డిజైన్ డిగ్రీకి ఎంట్రన్సు, ఐఐటీ బాంబే వాళ్లు జనవరిలో పెడతారు, ఏ గ్రూపు ఇంటరైనా పర్లేదు, బొమ్మ కూడా వేయిస్తారు. ఐఐటీ హైదరాబాదులో బీడెస్‌కి, అంటే డిజైన్ డిగ్రీకి, అదే దారి. అహ్మదాబాదులో ఎన్‌ఐడీ అనే జాతీయ డిజైన్ సంస్థలో నాలుగేళ్ల బీడెస్‌లో యానిమేషన్ విడిగా ఉంది, దానికి వేరే పరీక్ష. హైదరాబాదు మాసాబ్‌ట్యాంకులో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అనే ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) యానిమేషన్ ఉంది గానీ, ఉమ్మడి రాజధాని పదేళ్లు 2024 జూన్‌తో అయిపోయినాయి. మన ఆంధ్రా పిల్లల సీట్ల లెక్క ఆ ఏటి నోటిఫికేషన్లో చూసుకోవాల్సిందే.

ఉద్యోగం సంగతి దాచను. చేరినాక రెండేళ్లు రోటోనే చేశా. హీరో చుట్టూ ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి వెనక సీను నుంచి విడదీయడం. మా అమ్మకి చెబితే "చేపకు పొలుసు తీసినట్టా?" అనింది. అట్టాంటిదే. ఇప్పుడా పొలుసు పని కొంత ఏఐ లాక్కుంటా ఉంది. బొమ్మ రానోడికి మునుపటంత చోటు లేదు.

కందుకూరు డ్రాయింగ్ టీచర్:
కార్టూన్ చూసి దించే పిల్లలు నా దగ్గరికి ఏటా వస్తారండీ. మీ అబ్బాయి మనిషిని చూసి వేశాడు, తాతగారు నవ్వారు కూడా. ఒక పని చెప్పండి. రోజూ గంట బస్టాండులో కూర్చుని, ఎక్కేవాళ్లని, దిగేవాళ్లని పెన్నుతో వెయ్యమనండి. రబ్బరు ఇవ్వొద్దు. నెలకు వంద పేజీలు నిండితే ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

కొండపి రైతు:
అందరికీ దండాలు. ఫోన్ చేసి మధ్యరకం పిల్లోడి వీడియో అడిగితే "మీరు ఆఫీసుకు రండి సార్" అన్నారు. పట్టా ఏ యూనివర్సిటీదంటే సోమవారం ఒక పేరు, బుధవారం ఇంకో పేరు. కట్టలా.

యూసీడ్ రాస్తా, ఏడాది ఆగుతా అంటన్నాడు. వాళ్లమ్మ ఒప్పుకోలా, ఇంట్లో ఇంకా రగడే. నిన్న రాత్రి ఆ పాత ల్యాప్‌టాప్‌లో తాత చుట్ట ముట్టించేది కదిలించి చూపించాడు. పుల్ల గీసే చెయ్యి బాగా కుదిరింది. మా నాయన రెండుసార్లు వేయించుకుని చూసి, "గాలికి అరచెయ్యి అడ్డం పెట్టలేదేందిరా, ఆరిపోదా?" అన్నాడు. పొద్దున్నుంచి ఆ చెయ్యి గీస్తా కూర్చున్నాడు.