ఒక టెరాబైట్ డిస్కులో 870 జీబీయే ఎందుకు మిగిలింది?

ప్రశ్న:
నాన్నగారు తీసిన ఫోటోలను, వీడియోలను భద్రపరచడానికి ఒక టెరాబైట్ హార్డ్ డిస్కు కొని, ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థలో, డిస్కులో ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేశాను. ఒక్క ఫైలైనా ఎక్కించకముందే, డిస్కులో చోటు ఎంతుందో చెప్పే డీఎఫ్ ఆదేశం మొత్తం 916 జీబీ అని, వాడుకోవడానికి 870 జీబీ అని చూపిస్తోంది. తక్కిన 130 జీబీ ఏమైనట్టు? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
డిస్కులో లోపం లేదండి, మీ పొరపాటూ లేదు. ఆ తేడాలో సగానికి పైగా కొలతలోనే ఉంది. తయారీదారుల లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు; మీ ఆదేశం మాత్రం 1024ను 1024తో రెండుసార్లు గుణిస్తే వచ్చే 107,37,41,824 బైట్లను ఒక జీబీగా లెక్కిస్తుంది. లక్ష కోట్ల బైట్లను ఆ సంఖ్యతో భాగిస్తే 931 వస్తుంది. ఈ రెండో కొలతకు 1998లోనే గిబిబైట్ అని వేరే పేరు పెట్టినా, తెరమీద ఇప్పటికీ జీ అనే అక్షరమే కనిపిస్తుంది కనుక ఈ అనుమానం కొన్న ప్రతివారికీ వస్తూనే ఉంది.

రెండో సమాధానం:
మిగిలినది ఫార్మాట్ వల్ల తగ్గినది. ప్రతి ఫైలు వివరాలనూ రాసుకునే ఐనోడ్ పట్టికకు ఈఎక్స్‌టీ4 ముందే చోటు కేటాయిస్తుంది: ప్రతి 16,384 బైట్లకు 256 బైట్ల ఐనోడ్ ఒకటి, అంటే డిస్కులో 64వ వంతు, సుమారు 14.5 జీబీ. మార్పులను ముందుగా నమోదు చేసుకునే జర్నల్‌తో కలిపి 931 కాస్తా 916 అవుతుంది. ఆపైన 5 శాతం, అంటే 46 జీబీకి పైగా, రూట్ (వ్యవస్థను నిర్వహించే ప్రధాన ఖాతా) కోసం పక్కన పెడతారు. డిస్కు నిండిపోయినా వ్యవస్థకు అవసరమైన ప్రక్రియలు ఆగిపోకుండా, ఫైళ్లు ముక్కలుముక్కలుగా చెదరకుండా చేసిన ఏర్పాటు ఇది. ఉబుంటు ఉన్న విభాగంలో దీన్ని కదిలించవద్దని నా గట్టి సలహా. మీది కేవలం దాచుకునే డిస్కు కనుక ఈ వాటాను, అమరికలు మార్చే ఆదేశమైన ట్యూన్2ఎఫ్ఎస్‌తో 1 శాతానికి తగ్గించవచ్చు. మళ్లీ ఫార్మాట్ చేయనక్కరలేదు. ఐనోడ్ల సంఖ్యను మాత్రం ఫార్మాట్ చేసేటప్పుడే నిర్ణయించుకోవాలి. ప్రతి 10 లక్షల బైట్లకు ఒకటి చాలనుకుంటే పట్టిక బాగా చిన్నదవుతుంది కానీ, 6 కోట్లకు పైగా ఉన్న ఐనోడ్లు సుమారు 10 లక్షలకు పడిపోతాయి. చిన్న ఫైళ్లు ఎక్కువైతే ఖాళీ ఉండగానే డిస్కు నిండిందంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. 1 శాతానికి తగ్గించాను, ఇప్పుడు 907 జీబీ చూపిస్తోంది. స్కాన్ చేసిన చిన్న ఫైళ్లు చాలా ఉన్నందున ఐనోడ్ల జోలికి వెళ్లలేదు.